చివర ఇడిసినోళ్లే కడగాలె

మొన్న మా ఆఫీసులో ఒక రివ్యూ జరుగుతోంది. రివ్యూ అంటే ఒకరు రాసిన కోడ్‌ను నలుగురు కూర్చుని తప్పులు పట్టడం. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె తెర మీద ఒక వరుస చూపించి, "దీన్ని అందరూ వాడుకుని వెళ్లిపోతున్నారు, చివర వదిలినవాళ్లు కడగట్లేదు" అంది. నాకు నవ్వాగలేదు. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగాను. పాత కంపెనీలో సీనియర్ ఒకాయన అనేవారట. ఆయనకెవరు చెప్పారో తెలియదట. మన కెర్నల్ పని చేసేవాళ్లందరూ అనేదే కదండీ అని తిరిగి నన్నే అడిగింది.

అందరూ అనేదేనట. ఆ మాటకు సొంతదారు ఒకావిడ ఉందని, నిక్షేపంగా ఉందని, ఇప్పటికీ నేను ఫోన్ చేస్తే హలో అనకుండా "చెప్పు" అంటుందని ఆ పిల్లకు చెప్పబోయి ఊరుకున్నాను. నిలబడి ఒక్క ముక్కలో చెప్పే మనిషి కాదు ఆవిడ. అందుకని తీరిగ్గా ఇక్కడ చెబుతున్నాను. పేరు మాత్రం రాయను. రాస్తే తిడుతుంది, ఆమె తిడితే వినడానికి ఫోన్ అక్కర్లేదు.

గొంతు అలాంటిది. చందానగర్ మార్కెట్ వెనక సందులో వాళ్ల నాన్నకు పిండి గిర్ని ఉండేది. ఊహ తెలిసినప్పటినుంచి గిర్ని చప్పుడును మించి అరిచి మాట్లాడటమే అలవాటు గనక ఆమెకు మెల్లగా మాట్లాడటం రానే రాలేదు. ఆఫీసులో గుట్టుగా ఏదైనా చెప్పాలంటే మనల్ని మెట్ల దగ్గరికి పిలిచేది. ఆ పిలుపు విని మిగతావాళ్లు కూడా వచ్చేవారు. ఈసారి జీతాలు ఎవరికి పెరుగుతాయో ఆమె నా ఒక్కడికే చెప్పిన రోజు, మధ్యాహ్నం క్యాంటీన్లో ఇడ్లీ వడ్డించే ఆయన నన్ను పిలిచి అభినందించాడు.

మేమందరం ఆమెను అక్క అనేవాళ్లం. మేడమ్ అంటే వెనక్కి తిరిగి చూసేది, ఎవరో వచ్చారనుకుని. నూలు చీర, కింద పరుగు పందేలకు వేసుకునే బూట్లు, భుజాన జోలె లాంటి సంచి. మెడలో వేసుకోవాల్సిన ఆఫీసు కార్డు ఎప్పుడూ ఆ సంచి అడుగున ఉండేది. గేటు దగ్గర రోజూ సంచి మొత్తం బోర్లించి, సెక్యూరిటీ అతనితో లోకాభిరామాయణం మాట్లాడుతూ వెతికేది. ఆమె వెనక నిలబడ్డవాళ్లకు ఆలస్యం రాసిపెట్టి ఉన్నట్టే.

అప్పట్లో నేను హఫీజ్‌పేట్‌లో కిరాయికి ఉండేవాణ్ణి. గుడివాడ నుంచి కొత్తగా వచ్చాను. ఇద్దరం ఎంఎంటీఎస్ రైల్లోనే హైటెక్ సిటీకి వెళ్లేవాళ్లం. ఆమె నాకంటే ముందు స్టేషన్లో ఎక్కి నాకొక సీటు పట్టి ఉంచేది. దిగాల్సింది పక్క స్టేషన్లోనే, ఈ మాత్రానికి సీటెందుకక్కా అంటే వినేది కాదు. నేను కూర్చోగానే "ఇగ నీ చేతిల పడ్డది" అనేది. దిగేటప్పుడు నేను ఊరికే లేచి పోకూడదు. నిలబడ్డవాళ్లలో ఒకరిని పిలిచి, వాళ్లు కూర్చున్నాకే కదలాలి. ఒకసారి అలా అప్పజెప్పడంలో పడి మా స్టేషన్ దాటిపోయి బోరబండలో దిగాం. అక్కడ కూడా నన్నే తిట్టింది.

"ఎవరి చేతిల ఉంది?" అన్నది ఆమె ఊతపదం. మీటింగ్ గది తాళం, బోర్డు మీద రాసే మార్కర్, ప్రొజెక్టర్ రిమోట్, చివరికి క్యాంటీన్లో ఉప్పుడబ్బా, ఏది కనపడకపోయినా అదే ప్రశ్న. ఎక్కడ ఉంది అని ఎప్పుడూ అడగలేదు. వస్తువు ఎక్కడో ఉండదని, ఎవరో ఒకరి పూచీలో ఉంటుందని ఆమె నమ్మకం. అది చాదస్తమని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. తర్వాత తర్వాత తెలిసింది, ఆమె జీతం తీసుకునేదే ఆ చాదస్తానికి.

చెబుతాను, కంగారు పడకండి. ఇందులో తెలియనిదేమీ లేదు. మా కంపెనీ పెద్ద పెద్ద సంస్థలు తమ ఫైళ్లు దాచుకునే మిషన్లు తయారు చేసేది. మిషన్ లోపల అన్నిటికంటే ముందు నిద్రలేచి, మిగతా ప్రోగ్రాములకు మెమరీలో జాగా పంచే పెత్తనందారు ఒకడు ఉంటాడు. అదే కెర్నల్. వాడు పడితే ఇల్లంతా పడుతుంది. వాడి దగ్గర ఒకే వస్తువును ఒకేసారి చాలామంది వాడుకుంటుంటారు. అందుకని ప్రతి వస్తువుకూ ఒక లెక్క కట్టి ఉంచుతారు. పట్టుకున్నవాడు లెక్క ఒకటి పెంచాలి, వదిలినవాడు ఒకటి తగ్గించాలి. లెక్క సున్నా అయిందంటే ఇక ఎవరికీ అక్కర్లేదని అర్థం. అప్పుడు ఆ జాగా ఖాళీ చేసి ఇంకొకరికి ఇస్తారు. ఇంతే సంగతి. ఇంతదానికే ఊళ్లకు ఊళ్లు కూలుతుంటాయి.

ఈ మాట ఎన్ని పుస్తకాల్లో చదివినా నాకు ఎక్కలేదు. అక్క స్టీలు డబ్బాతో ఎక్కింది. ఆమె మధ్యాహ్నానికి జొన్నరొట్టె, ఎల్లిపాయకారం తెచ్చుకునేది. తినడం అయ్యాక ఆ ఖాళీ డబ్బా మా రివ్యూ గదిలోకి వచ్చి బల్ల మధ్యలో కూర్చునేది. తెర మీద కోడ్‌ను ఆమె వరుస వరుసగా చదివేది. ఏ ఫంక్షన్, అంటే కోడ్‌లో ఏ ముక్క, ఎవరిదో వాళ్లు తమ వంతు రాగానే డబ్బా మీద చెయ్యి వేసి "పట్టిన" అనాలి. పని అయ్యాక చెయ్యి తీసి "ఇడిసిన" అనాలి. అందరికంటే చివర చెయ్యి తీసినవాళ్లు లేచి వెళ్లి ఆ డబ్బా కడిగి రావాలి. నిజంగానే కడగాలి, ఊరికే అనడం కాదు. "చివర ఇడిసినోళ్లే కడగాలె" అన్నది అక్కడ పుట్టిన శాసనం.

కోడ్ చివరికి వచ్చాక కూడా ఎవరి చెయ్యైనా డబ్బా మీదే ఉండిపోతే అక్కడ తప్పున్నట్టు. అది ఎన్నాళ్లైనా ఎవరూ కడగరు. ఒకడే తొందరపడి రెండుసార్లు "ఇడిసిన" అంటే ఇంకా పెద్ద తప్పు. ఇంకొకరు తింటుండగానే డబ్బా సింకులోకి పోతుంది. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లం, చెన్నై నుంచి వచ్చినవాళ్లం, అందరం పదవీప్రమాణం చేస్తున్నంత గంభీరంగా పట్టిన, ఇడిసిన అంటూ కూర్చునేవాళ్లం. నేను టెస్టింగ్ చేసేవాణ్ణి గనక నాకు ఫంక్షన్లు లేవు. నా వంతు మిషన్‌కు తగిలించిన నెట్‌వర్క్ కేబుల్ ఊడిపోవడం. మధ్యలో ఎక్కడైనా "కేబుల్ ఊడింది" అని అరవాలి. అప్పుడు ఎవరి చెయ్యి ఎక్కడుందో అందరూ బిక్కమొహాలు వేసుకుని చూసుకునేవారు.

ఒక మధ్యాహ్నం మా డైరెక్టర్‌గారు తలుపు తెరిచారు. ఆయనది భీమవరం. కుర్చీకి కాలు తగిలినా సారీ అండి అనే మనిషి. అందరం డబ్బా మీద చేతులు వేసి తెర వైపు చూస్తూ ఉండగా ఆయన ఒక్క క్షణం నిలబడి, చప్పుడు కాకుండా తలుపు వేసేశారు. సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, లోపల జరిగింది ఏ పూజ అండీ అని అడిగారు. తప్పులు పట్టే పూజండీ అన్నాను. ఫలం దక్కుతోందా అండీ అన్నారు. ఆయన వేళాకోళం ఆడుతున్నారో, నిజంగానే అడుగుతున్నారో ఎప్పటికీ తేలదు.

ఫలం అవసరమైన రోజులే అవి. మాకొక పెద్ద కస్టమర్ ఉండేవాడు. వాళ్ల దగ్గర మా మిషన్లు బాగానే నడుస్తూ నడుస్తూ, ఒక మంచిరోజు చూసుకుని చెప్పాపెట్టకుండా పడిపోయేవి. నెట్‌వర్క్ కేబుల్ ఎప్పుడైనా వదులై మళ్లీ అతుక్కుంటే, ఆ తర్వాత కొంతకాలానికి తప్పక పడేవి. ఎందుకో మాకు తెలిసేది కాదు. మళ్లీ ఆన్ చేయండి అని చెప్పేవాళ్లం. ఎన్నాళ్లని చెబుతాం? ఇదే ఆఖరు, మీ ఆఫీసుకు వచ్చి మా కళ్లతో పరీక్ష చూస్తాం, అప్పుడూ పడితే మాకొద్దు అని వాళ్లు కబురు పెట్టారు. ఆ మిషన్ మళ్లీ పడితే ఈ కెర్నల్ పని హైదరాబాద్ నుంచి తీసి ఇంకో ఊరికి ఇస్తామని మా పైవాళ్లు కూడా కబురు పెట్టారు.

అక్క కారణం పట్టుకుంది. డబ్బాతోనే పట్టుకుంది. మావాళ్లకు ఏళ్ల తరబడి ఒక చిట్కా ఉండేది. ఏదైనా వస్తువు వాడుతుండగానే ఖాళీ అయిపోయి మిషన్ పడితే, ఎవరు తొందరపడి వదిలారో వెతికే ఓపిక లేక, ఇంకొక పట్టు అదనంగా పట్టి ఉంచేవారు. పట్టు ఒకటి ఎక్కువుంటే లెక్క సున్నాకు రాదు, సున్నాకు రాకపోతే ఖాళీ కాదు, ఆ పూటకు గండం గడుస్తుంది. దానికి భద్రత కోసం అని పేరు. తరానికొకరు చొప్పున అలాంటి భద్రతలు పేరుకుపోయాయి. పట్టినవాళ్లున్నారు గానీ వదిలేవాళ్లు లేరు. కేబుల్ ఊడినప్పుడల్లా మిషన్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ప్రయత్నించిన ప్రతిసారీ ఒక అదనపు పట్టు. లెక్క పెరిగి పెరిగి, పాత స్కూటర్ మీటర్లో తొమ్మిదులన్నీ నిండాక సున్నాలకు తిరిగినట్టు, గిర్రున తిరిగి మొదటికి వచ్చేది. సున్నా కనబడింది కదా అని కెర్నల్ ఆ వస్తువును ఖాళీ చేసేది. అప్పటికి దాన్ని వాడుతున్నవాళ్లు వాడుతూనే ఉండేవారు. పడకూడదని పట్టిన పట్టులే మిషన్‌ను పడేసేవి.

ఇది తేల్చి చెప్పిన రోజు అక్క గెలిచినట్టు నవ్వలేదు. బోర్డు ముందు నిలబడి, "అందరు మంచిగనే చేసిన్రు, గదే కథ" అంది. ఆ మాట నాకిప్పటికీ ఇష్టం.

ఆమె తెచ్చిన మందు కొత్తదేమీ కాదు. ప్రపంచంలో పెద్ద కెర్నళ్లలో అప్పటికే ఉన్న పద్ధతి. లెక్కను మామూలు అంకెలా ఉంచకుండా, దానికి కాస్త బుద్ధి చెప్పి ఉంచడం. సున్నా అయిపోయినదాన్ని మళ్లీ పట్టుకోనివ్వదు. పైకి నిండితే తిరగదు, అక్కడే బిగుసుకుపోతుంది. బిగుసుకుని, ఫలానా చోట తప్పు జరిగిందని తెర మీద ఎర్రగా రాస్తుంది. ఆ వస్తువు ఇక ఎప్పటికీ ఖాళీ కాదు గనక కాస్త మెమరీ దండగ. మిషన్ మాత్రం పడదు. మా పాత మిషన్లలో లెక్క రాసుకునే చోటు చిన్నది, పెంచడానికి వీల్లేదు. అందుకని ఈ మందే గతి.

డైరెక్టర్‌గారికి ఆ దండగ నచ్చలేదు. వేగం కూడా తగ్గుతుంది కదండీ అన్నారు. ఒక రవ్వ తగ్గుతుందని అక్క ఒప్పుకుంది. మరి ఎందుకండీ అన్నారు. దానికి ఆమె చెప్పిన జవాబు మా ఆఫీసులో చాలాకాలం తిరిగింది.

"జర జాగ దండుగైతె కానీ సార్. తినెటోని ముందలకెళ్లి పళ్లెం గుంజుడు మంచిగ కాదు."

సరే అన్నారు. అన్నాక కథ అడ్డం తిరిగింది. లెక్కలన్నిటినీ ఒక్కొక్కటి చదివి, అర్థం చేసుకుని మార్చాలని అక్క చెప్పింది. మా టీములో ఒక ఉత్సాహవంతుడు అంత టైము ఎక్కడిదని, వెతుకు, మార్చు అని కంప్యూటర్‌కు చెప్పి, లెక్కలా కనిపించిన ప్రతిదాన్నీ ఒక్క దెబ్బకు మార్చేశాడు. మర్నాడు పొద్దున ల్యాబ్‌లో ఒక్క మిషనూ లేవలేదు. లెక్కలన్నీ ఒక రకం కావు. లోపల ఎంతమంది ఉన్నారో చెప్పే లెక్క ఒకటి ఉంటుంది, తలుపు దగ్గర మనుషుల్ని లెక్కపెట్టినట్టు. అది సున్నాతోనే మొదలవ్వాలి. కొత్త లెక్కకు సున్నా అంటే చచ్చిపోయినట్టు. చచ్చినదాన్ని పట్టుకోనివ్వను అని అది భీష్మించుకుంది. పాపం, దాని ధర్మం అది పాటించింది.

ఇక చూడాలి. ఆ కొత్త లెక్కకు అక్క కౌంటర్ అని పేరు పెట్టారు. లిఫ్టు ఆగితే అక్క కౌంటర్ పెట్టారేమో అన్నారు. కాఫీ మిషన్లో పాలు రాకపోతే అక్క కౌంటర్ అన్నారు. ఆమె ఎదురుగానే అన్నారు, ఆమె కూడా నవ్వింది. మార్చిందెవరో మాకందరికీ తెలుసు. మీటింగ్‌లో డైరెక్టర్‌గారు అడిగినప్పుడు ఆమె అతని పేరు చెప్పలేదు. మేము చదవకుండా మార్చినం సార్, తప్పు లెక్కది కాదు, మాది అంది. ఆయన చాలాసేపు ఆలోచించి, కస్టమర్ పరీక్ష దాకా ఆగుతానన్నారు. అప్పుడు పడితే కౌంటర్ తీసేయాలి. పని ఇంకో ఊరికి పోతుంది, టీమును తలో చోటుకూ సర్దుతారు, అక్కను ఫోన్లకు జవాబు చెప్పే విభాగానికి పంపుతారు. ఇదంతా ఆయన అండీ అండీ అంటూనే చెప్పారు.

మర్నాడు రైల్లో నాకు సీటు పట్టి ఉంచింది గానీ, నీ చేతిల పడ్డది అనలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేనేదో ధైర్యం చెప్పబోయాను. అప్పుడు ఆమె మెల్లగా మాట్లాడింది. నేను విన్న మొదటిసారి అదే. ఎదురు సీటువాళ్లకు కూడా వినబడనంత మెల్లగా.

"ఈ పని పోతె నాకు ఇంకోటి రాదు తమ్మీ. చేసుకోలేనని కాదు. దీని మీద ఉన్నంత పానం ఇంక దేని మీద రాదు."

ఆమె అరుస్తుంటే నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో, ఆ రోజు ఆ మెల్లని గొంతు విని అంత భయపడ్డాను. ఆఫీసు చేరేసరికి మళ్లీ మామూలైంది. గేటు దగ్గర సంచి బోర్లించి, బద్ధకస్తులారా డబ్బా ఎవరి చేతిల ఉంది అని మా అంతస్తంతా వినబడేలా అడిగింది.

ఆ తర్వాతి రోజులు నాకు పండగలా గుర్తున్నాయి, అప్పుడు మాత్రం ఏడుపొచ్చేది. ప్రతి లెక్కనూ చదివాం. ఇది పట్టు లెక్కా, మనుషుల లెక్కా అని తేల్చుకున్నాకే ముట్టుకున్నాం. ఆ ఉత్సాహవంతుణ్ణి ఆమె తన పక్కనే కూర్చోబెట్టుకుని అన్నిటికంటే ఎక్కువ అతని చేతే చదివించింది, అతని చేతే డబ్బా కడిగించింది. అప్పట్లో తొందరపడి వదిలిందెవరో వెతికి సరిచేసి, పాత భద్రత పట్టులు ఒక్కొక్కటే తీశాం. తీసిన ప్రతిసారీ నేను మిషన్‌ను హింసించేవాణ్ణి. పదిమంది కట్టినదాన్ని పడగొట్టి జీతం తీసుకునే ఉద్యోగం నాది. ఆ నెలలో ఆ జీతానికి న్యాయం చేశాను.

ఒక పట్టు దగ్గర అందరం ఆగిపోయాం. అన్నిటికంటే పాతది, అన్నిటికీ మూలం అదే. రాసింది ఎవరా అని చూస్తే మా డైరెక్టర్‌గారు. ఆయన డైరెక్టర్ కాకముందు, మాలాగే కుర్చీలో కూర్చుని రాసే రోజుల్లో రాసింది. ముట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఊరుకుందాం అక్కా, ఒక్కటే కదా అన్నాం. ఆమె లేచి, బూట్లు టకటకలాడించుకుంటూ నేరుగా ఆయన గదికి వెళ్లింది. తోడుకు నన్ను లాక్కుపోయింది.

ఈ పట్టు ఎందుకు పట్టారని అడిగింది. ఆయన కళ్లజోడు తీసి తెరకు దగ్గరగా వంగి తన పాత కోడ్‌ను చదువుకున్నారు. ఆయన ముఖంలో చిన్నప్పటి ఫోటో చూసుకుంటున్న సంతోషం కనబడింది. ఆ తర్వాత అది పోయింది.

"భయమేసిందండి," అన్నారు. "పొద్దున్నే డెలివరీ ఇవ్వాలి, మిషన్ పడుతోంది. ఇంకోసారి పట్టుకుంటే ఆగిపోయింది. ఎందుకాగిందో తెలియలేదు. తీసేద్దామంటే ధైర్యం చాల్లేదు."

అక్క ఆయన్ని చూసిన చూపులో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు.

"పట్టుడు మంచిగనే పట్టిన్రు సార్. ఇడుసుడే మర్చిన్రు."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. తీసేయండి అన్నారు చివరికి. పరీక్షలో పడితే మాత్రం నేనేమీ చేయలేనండి అని కూడా అన్నారు. బయటికి వచ్చాక అక్క నా వీపు మీద ఒకటి చరిచింది. సంతోషం వస్తే ఆమె ఎవరో ఒకరి వీపు చరిచేది, ఆ రోజు అందుబాటులో ఉన్న వీపు నాది.

పరీక్ష రోజు మధ్యాహ్నం కస్టమర్ వైపు నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. ఒకాయన పెద్దవాడు, ముక్తసరి మనిషి. ఈ మార్పు చేసినవాళ్లు కేబుల్ ముట్టుకోకూడదన్నాడు. అయితే నేను లాగుతానండి అని మా డైరెక్టర్‌గారే చొక్కా చేతులు పైకి మడిచారు. ముందు పాత సాఫ్ట్‌వేర్ పెట్టాం. ఒక పెద్ద ఫైలు అవతలికి పోతుండగా ఆయన కేబుల్ లాగారు, పెట్టారు, మళ్లీ లాగారు. లాగినప్పుడల్లా మిషన్ లోపల వేలకు వేలు ప్రయత్నాలు జరుగుతాయి గనక లెక్క నిండటానికి ఎంతోసేపు పట్టదు. చూస్తుండగానే తెర కొయ్యబారిపోయింది. మిషన్ పడింది. మా దగ్గర పడేది ఇలాగే అని వచ్చినాయన తలూపాడు.

తర్వాత మాది పెట్టాం. డైరెక్టర్‌గారు లాగారు. పెట్టారు. లాగారు. ఫైలు ఆగుతోంది, మళ్లీ నడుస్తోంది. పాతది పడిన చోటు దాటింది. గదిలో అందరం గాలి పీల్చుకున్నాం. అంతలో తెర మీద ఎర్రగా ఒక వరుస వచ్చింది.

అన్నీ తీశామనుకున్నాం, ఎక్కడో ఒక పట్టు మిగిలిపోయింది. అతిథుల కళ్లముందే మా తప్పు మేమే ఎర్రక్షరాలతో రాసి చూపించుకున్నాం. డైరెక్టర్‌గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. వార్నింగ్ వచ్చిందండి అన్నారు, ఎవరితోనో తెలియకుండా. ఉత్సాహవంతుడు కళ్లు మూసుకున్నాడు. నేను అక్క వైపు చూశాను.

అక్క నవ్వుతోంది. పళ్లన్నీ కనబడేలా, గిర్నిలో పెరిగిన మనిషి నవ్వు.

"వచ్చింది సార్," అంది. "మిషన్ పడ్డదా మరి? చూడుండ్రి."

చూశాం. ఫైలు నడుస్తోంది. లెక్క చిట్టచివరకు నిండింది, నిండి తిరగలేదు, అక్కడే బిగుసుకుంది. వచ్చిన పెద్దాయన కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వెళ్లి ఆ ఎర్ర వరుసను వేలు పెట్టి చదివాడు. అందులో తప్పు ఏ ఫంక్షన్లో ఉందో పేరుతో సహా ఉంది. మా మిషన్లు ఇన్నాళ్లూ లెక్క ఇలా నిండినప్పుడే పడేవి కదా అని అడిగాడు. అవునంది అక్క. పడ్డాక ఎందుకు పడ్డాయో మాకెవరూ చెప్పలేకపోయారు, ఇది పడకుండా నిలబడి తనే చెబుతోంది అన్నాడు. తన జోడీదారు వైపు తిరిగి, ఈ కౌంటర్ లేని సాఫ్ట్‌వేర్ ఇక మన దగ్గరికి రాకూడదని రాసుకో అన్నాడు.

ఆ మాట మాకు అర్థం కావడానికి రెండు ఊపిర్లు పట్టింది. కౌంటర్ ఉంటుంది. పని ఉంటుంది. అక్క ఎక్కడికీ పోదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, రెండూ దాచుకోలేదు.

డైరెక్టర్‌గారు ఇంకా కేబుల్ పట్టుకునే ఉన్నారు. ఆయన రంగు తిరిగి వచ్చింది. "ఇంకోసారి లాగమంటారా అండీ?" అని అడిగారు, అతిథిని కాదు, అక్కను.

"గుంజుండ్రి సార్. ఎన్నిసార్లన్న గుంజుండ్రి. ఇగ పడది."

ఆ కేక కింది అంతస్తుల్లో కూడా వినబడిందని తర్వాత చెప్పారు. ఆయన లాగారు. పెట్టి మళ్లీ లాగారు, తనివితీరా. మిషన్ నడుస్తూనే ఉంది. అప్పుడాయన ఏమనుకున్నారో, కేబుల్ అరచేతుల మధ్య ఉండగానే రెండు చేతులూ జోడించి, అందరి ముందు ఆమెకు నమస్కారం పెట్టారు.

అక్క ఆయన చేతుల్లోంచి కేబుల్ తీసుకుని, మిషన్లో దాని చోట గట్టిగా గుచ్చి, ఫైలు కదిలిందో లేదో చూసుకుని, ఆ తర్వాతే తిరిగి ఆయనకు నమస్కారం పెట్టింది.